బత్తాయి కట్టె పొగలో బాతు

కోట, సముద్రపు ఒడ్డు రిసార్టు వంటగది
జూలై 6

రాపూరులో ఉన్న అక్కకు నమస్కారం. ముందుగా జరిగినది జరిగినట్టు, వరుస తప్పకుండా తెలియజేస్తాను.

1. నిన్న సాయంత్రం నాలుగు గంటలకు మా యజమాని పద్మనాభయ్య గారు, వారి తల్లి కామాక్షమ్మ గారు వంటగది వరండాలో కూర్చున్నారు. పొగబెట్టిన బాతు, బత్తాయి తొనలు: ఈ వంటకానికి అది మొదటి పరీక్ష.

2. బాతు కోవూరు నుంచి వచ్చింది. వరి కోసిన పొలాల్లో తిరిగి మేసినది. రొమ్ము ముక్కలు విడదీసి, తోలు మీద కత్తితో గళ్లు గీసి, ఉప్పు, బెల్లం, మిరియాలు, బత్తాయి తొక్క తురుము పట్టించి ఒక రోజంతా ఫ్రిజ్‌లో ఉంచాను.

3. పండ్ల పెట్టెతో పాటు నీవు గోనెసంచిలో పంపిన బత్తాయి కట్టెను చీల్చి, ఇనుప డ్రమ్ములో రాజేసి, మాంసాన్ని పైన వేలాడదీసి రెండు గంటలు పొగ పట్టించాను. మంట అంచు ఒకచోట ఆకుపచ్చగా కనిపించింది. అప్పుడు వేళ పదకొండు గంటల ఇరవై నిమిషాలు.

4. తోలు వైపు చల్లని పెనానికి ఆనించి, ఆ తరువాతే పొయ్యి వెలిగించి, సన్నని సెగన కొవ్వు కరిగించాను. పలుచగా కోసి, పొర ఒలిచిన తొనలు, చిక్కగా మరిగించిన రసం, పక్కన నాలుగు గంగవాయిలి ఆకులు అమర్చాను. చూపులో లోపం లేదు.

5. కామాక్షమ్మ గారు ఒక ముక్క నోట్లో వేసుకొని, కళ్లు మూసుకొని, చేతిరుమాలులో ఉమ్మేశారు. "ఏంది నాయనా ఇది? రాగిచెంబు నాకినట్టుండాది" అన్నారు.

6. పద్మనాభయ్య గారు ముట్టుకోలేదు. లేచి వెళ్లిపోయారు.

అక్కా, దీని బరువు నీకు తెలియాలి. అక్టోబరు నాలుగున తడ దగ్గరి పారిశ్రామికవాడ నుంచి నలభై మంది అతిథులు విందుకు వస్తున్నారు. మొదటి పళ్లెం ఇదే. ఇది నెగ్గితే వంటగది పెద్దరికం నాకు ఇస్తామని యజమాని మాట ఇచ్చారు. నెగ్గకపోతే చెన్నై నుంచి వంట చదువు పట్టా ఉన్న మనిషి వస్తాడు. ఇరవై ఒక్క ఏళ్ల క్రితం గిన్నెలు తోమడానికి ఇక్కడ చేరాను. చూసి, చదివి, చెయ్యి కాల్చుకొని నేర్చినవాణ్ణి. నా దగ్గర పట్టా లేదు, నోటు పుస్తకాలు ఉన్నాయి. ఇంకా రెండు పరీక్షలు మిగిలాయి.

లోపం పండులో ఉందేమోనని నా అనుమానం. దయచేసి జవాబులు ఇవ్వు. ఒకటి, ఈ పండ్లు ఏ వైపు చెట్లవి? రెండు, ఏ మందు చల్లారు? మూడు, నీళ్లు ఉప్పగా మారాయా? నాలుగు, కోసిన తరువాత ఎన్ని రోజులకు పెట్టెలో పెడుతున్నావు?

ఫోనులో అడగవచ్చు. కానీ ఫోనులో నీవు అన్నిటికీ "సరేలే" అంటావు. ఎప్పటిలాగే జవాబు పండ్ల పెట్టెలో పెట్టి బస్సు పార్సిలులో పంపు.

ఆనందబాబు


రాపూరు
జూలై 13

తమ్ముడూ,

నీ జాబు చదివి మీ బావకు కూడా వినిపించినాను. "వీడు బాతును వండినాడా, దాని మీద పంచనామా రాసినాడా" అని నవ్వినాడు. ఆయన నవ్వి చాలా రోజులైంది, అందుకు నీకు ఒక దండం.

పండులో ఏ దోషం లేదు నాయనా. తియ్యగా ఉండాయి, నేనే తిని చూసి పెట్టినాను. మందులేమీ చల్లలేదు. నీళ్లు ఎప్పటి నీళ్లే. ఆ పెద్దామెకు నోట్లో కట్టుడు పళ్లు ఉండాయేమో కనుక్కో, లోహం పళ్లకు పులుపు తగిలితే అట్లే ఉంటాది. లేదంటే నీ ఉప్పు ఎక్కువైంది. చిన్నప్పుడు మజ్జిగలో ఉప్పు కొలిచి వేయబోయి రెండుసార్లు వేసినోడివి నువ్వు.

కట్టెలు ఇంకా కావాలంటే చెప్పు. కొమ్మలు కత్తిరించినాం, పెరట్లో కుప్ప పడి ఉండాయి.

కంగారు పడబాక. అన్నం తిను. బావ బాగుండాడు.

అక్క


కోట
ఆగస్టు 10

అక్కకు నమస్కారం.

రెండో పరీక్ష నిన్న ముగిసింది. ఈసారి యజమానిని పిలవలేదు. ముందు నేను, నాగులమ్మ తిన్నాము. నాగులమ్మ మా వంటగదిలో చేపలు శుభ్రం చేసే ఆమె. పులికాట్ సరస్సు ఒడ్డున పుట్టిన మనిషి కావడం వల్ల పొగ వాసనను బట్టి కట్టె పేరు చెప్పగలదు.

ఉప్పు సగానికి తగ్గించాను. పెనం మార్చాను. నీళ్లు బయట నుంచి తెప్పించాను. బాతును వేరే మనిషి దగ్గర తీసుకున్నాను. పొగ చిక్కబడాలని సంచిలోని కట్టెల్లో బాగా ఎండిన లావుపాటివి ఏరి, బెరడుతో సహా మూడు గంటలు రాజేశాను. కామాక్షమ్మ గారి పళ్ల సంగతి కూడా విచారించాను. ముప్పై రెండూ సొంతవేనట. అడిగినందుకు తిట్లు తిన్నాను.

రుచి అదే. మొదటిసారి కంటే ఘాటుగా ఉంది. నేను ఒక ముక్క మింగాను. నాగులమ్మ నాలుగు తిన్నది. అరగంటలో ఆమెకు కడుపులో తిప్పింది, బావి దగ్గర కూర్చొని రెండుసార్లు వాంతి చేసుకుంది. నేను వేళ రాసుకుంటూ ఉంటే తల ఎత్తి, "అన్నా, నేను చచ్చినాక రాసుకుందువులే, ముందు కాస్త మజ్జిగ ఇయ్యి" అన్నది. సాయంత్రానికి కోలుకుంది.  అప్పటిదాకా నా భయం ఉద్యోగం గురించే. ఇప్పుడు నలభై మంది కడుపుల గురించి.

నీకు తెలిస్తే చెప్పమని నేను గమనించినవన్నీ రాస్తున్నాను. మంట అంచు ఈసారి స్పష్టంగా పచ్చగా ఉంది. కట్టెలు కొన్ని నా తొడంత లావు. వాటికి ఒకవైపు నీలిరంగు సున్నంలాంటిది అంటుకొని ఉంది. పండ్లు రెండు మూడు పరిమాణాల్లో ఉన్నాయి, ఒక్కదానికీ తొడిమ దగ్గర ఆకు లేదు. ఇదివరకు నీవు ఆకులతో పంపేదానివి.

ఇంకొక సంగతి. విందు కార్డు అచ్చుకు వెళ్లింది. వంటకం పేరు కింద "మా అక్క తోట బత్తాయితో" అని ఉంటుంది. యజమానికి అన్నిటికంటే నచ్చినది ఆ మాటే. అతిథులు కథ ఉన్న తిండిని ఇష్టపడతారట.

నా ఒకటో, నాలుగో ప్రశ్నలకు నీ జాబులో జవాబు లేదు.

ఆనందబాబు


రాపూరు
ఆగస్టు 17

తమ్ముడూ,

ఆ కట్టెలు వాడబాక. ఒక్క ముక్క కూడా. వంట పొయ్యిలో కూడా పెట్టబాక, ఎక్కడన్నా పూడ్చిపెట్టు. మీ ఊరి సర్వి కట్టె, అదే సరుగుడు, వాడుకో. అది మంచిది.

ఆ నాగులమ్మను డాక్టరుకు చూపించు. నువ్వు కూడా చూపించుకో.

ఎందుకని అడగబాక. నా మాట విను.

అక్క


కోట
సెప్టెంబరు 7

అక్కగారికి,

మీ జాబు అందింది. మూడు వారాలు ఆలోచించి జవాబు రాస్తున్నాను.

మీరు చెప్పినట్టు నాగులమ్మను డాక్టరుకు చూపించాను. ప్రమాదం ఏమీ లేదు. ఆయన "ఏం తిన్నారు?" అని అడిగితే నేను పదార్థాలన్నీ చదివి వినిపించాను. వాటిలో మనిషిని పడేసేది ఏదీ లేదన్నారు. అంటే నా జాబితాలో లేనిది ఏదో ఉంది. అది ఏమిటో మీకు తెలుసు. చెప్పడం లేదు.

కారణం తెలియకుండా నేను ఒక చెంచాను కూడా మార్చను. ఇది మొండితనం కాదు. పట్టా ఉన్నవాడు తప్పు చేస్తే పొరపాటు అంటారు. నేను చేస్తే, వీడికి తెలియదు అంటారు. అందువల్ల నాకు ప్రతిదానికీ కారణం కావాలి. రేపు యజమాని "బత్తాయి కట్టె ఎందుకు మానేశావు?" అని అడిగితే, "మా అక్క వద్దన్నది" అని చెప్పనా?

సెప్టెంబరు ఇరవై ఒకటిన చివరి పరీక్ష. ఆ రోజు యజమాని, వారి తల్లి, ఇద్దరు అతిథులు తింటారు. మీ నుంచి కారణం రాకపోతే అదే కట్టెతో, బెరడు చెక్కేసి, పొగ ఒక గంటకు తగ్గించి చేస్తాను. ముందు నేనే తింటాను.

నేను మీకు ఏమీ దాచలేదు. మంట రంగు దగ్గర నుంచి మజ్జిగ దాకా రాశాను. మీరు దాచారు.

ఆనందబాబు


రాపూరు
సెప్టెంబరు 21

నాయనా ఆనందూ,

అక్కగారూ అని, మీరూ అని రాసినావు. ఆ రెండు మాటలు చదివి కాగితం మడిచి బియ్యం డబ్బాలో పెట్టినాను. పది రోజులు తీయలేదు. నువ్వు బెరడు చెక్కి వండుతావని తెలిసి కూడా తీయలేదు, నన్ను క్షమించు. ఫోనులో నీ నంబరు మూడుసార్లు నొక్కి మూడుసార్లు ఆపేసినాను. 

నీ నాలుగో ప్రశ్నకు జవాబు: కోయడానికి చెట్లు లేవు.

ఫిబ్రవరిలో తీసేసినాం. బంక తెగులు మూడేళ్ల నుంచి ఉండాది. మొదళ్ల దగ్గర బెరడు పగిలి జిగురు కారి, పైనుంచి ఎండుకుంటూ వచ్చినాయి. ఏటా మైలుతుత్తం, సున్నం కలిపి మొదళ్లకు పూసినాం. నువ్వు చూసిన నీలిరంగు అదే. తుత్తం అంటే రాగి ఉప్పు. అది కాలితేనే మంట పచ్చగా వస్తాది, ఆ పొగే మాంసానికి పట్టింది. పెద్దామె రాగిచెంబు అన్నది నిజమే. నీ మొదటి జాబులో పచ్చమంట అని చదివినప్పుడే నాకు తుత్తం గుర్తొచ్చింది. కాదులే అనుకున్నాను. ఉప్పు మీదకు నెట్టినాను. ఆ నాగులమ్మ కక్కుకున్నదంటే దానికి నేనే కారణం.

పొగ పెట్టడానికని నువ్వు ముందే కొమ్మలు అడిగినావు. కొమ్మలు ఎక్కడివి? కుప్పలో మొదళ్లే మిగిలినాయి. లేవని చెప్తే చెట్లు ఏమైనాయి అంటావని అవే చీల్చి సంచిలో వేసినాను. పండ్లు నెల్లూరు మార్కెట్టు నుంచి తెప్పించి, తుడిచి, మా పెట్టెలో సర్ది పంపుతున్నాను. ఏప్రిల్‌లో నువ్వు ఫోను చేసి, కార్డు మీద అక్క తోట అని వేయిస్తానని ఎంత సంతోషపడినావు! నీకు జీవితంలో వచ్చిన ఒక్క అవకాశం. అది మా తోట మీద నిలబడింది, ఆ తోట లేదు. ఎట్లా చెప్పేది?

మీ బావ బాగుండాడని రాసినాను. బాగలేడు. చెట్లు పెకలించే మిషను వచ్చిన రోజు నుంచి పొలం వైపు చూడడు. వాకిట్లో కుర్చీ కూడా గోడ వైపు తిప్పి కూర్చుంటాడు. ఎవరన్నా వస్తే ఇటు తిరుగుతాడు, వాళ్లు పోయినాక మళ్లీ గోడ.

ఈ జాబు పార్సిలులో పెడితే నీ పరీక్ష వేళకు చేరదు. రాత్రి ఆయనకు అంతా చెప్పినాను.  తెల్లవారి చొక్కా వేసుకొని, "జాబు ఇటు ఇయ్యి, నేనే పోయి ఇచ్చి వస్తా" అన్నాడు. ఏడు నెలల తరువాత వాకిలి దాటుతున్నాడు.

ఒక్కటే అడుగుతున్నా. కార్డు మీద అచ్చైన మాట అట్లే ఉండనీ. వచ్చే నలభై మందికి మన తోట ఉందో లేదో ఏం తెలుస్తాది? పండు పండే కదా. వంటగది నీ చేతికి రానీ, అదొక్కటైనా మిగలనీ.

అక్క సుభాషిణి


కోట
అక్టోబరు 5

అక్కకు,

నీ జాబు తెచ్చి బావ నా చేతిలో పెట్టేసరికి నేను డ్రమ్ములో కట్టె పేర్చి ఉన్నాను. అగ్గిపెట్టె నాగులమ్మ చేతిలో ఉంది. బావ వంగి ఒక చెక్క తీసి, అటూ ఇటూ తిప్పి, "ఇది మూడో వరసలో ఐదోది. పోయినేటి దాకా కాసింది" అన్నాడు. తరువాత ఒక్కొక్కటే బయటకు తీసి పక్కన పెట్టాడు. నేను జాబు చదువుతూ ఉన్నంతసేపూ ఆయన అదే పని చేశాడు. నాగులమ్మ వెళ్లి ఒక మోపు సర్వి కట్టె తెచ్చింది. ఆ రోజు పరీక్ష సర్వి పొగతోనే జరిగింది. బాతు బాగా కుదిరింది. బావ రెండు ముక్కలు తిని, "తొనల మీద గింజ ఉప్పు వెయ్యి" అన్నాడు. వేశాను. ఆయన చెప్పింది నిజమే.

మరునాడు యజమాని గదికి వెళ్లి రెండు సంగతులూ చెప్పాను. మొదటిది, జూలైలో వారి తల్లికి నేను తుత్తం పొగ తినిపించిన సంగతి. రెండోది, కార్డు మీద ఉన్న తోట లేని సంగతి. నీవు వద్దన్నావు. కానీ అక్కా, ఆ పళ్లెం కొంచెం తేడాగా ఉందని నలభై మందిలో ఒక్కరు అన్నా, నేను వాళ్ల కళ్లలోకి చూసి జవాబు చెప్పాలి. కార్డు అబద్ధమైతే నా మిగతా జవాబులకు విలువ ఉండదు.

పద్మనాభయ్య గారు, "మొదటిది నాతో చెప్పి మంచిపని చేసినావు. రెండోది ఎవరితోనూ అనబాక. కార్డు అట్లే ఉంటాది" అన్నారు. "అయ్యా, అది ఉంటే నేను వడ్డించలేను" అన్నాను. "నలభై కార్డులు మళ్లీ అచ్చేయించమంటావా?" అన్నారు. అక్కరలేదన్నాను. నిన్న మధ్యాహ్నం కూర్చొని, నలభై కార్డుల మీదా ఆ ఒక్క వరసను స్కేలు పెట్టి నల్ల సిరాతో కొట్టేశాను.

విందు నిన్న సాయంత్రం జరిగింది. ముప్పై ఎనిమిది పళ్లేలు ఖాళీగా తిరిగి వచ్చాయి, రెండు సగం మిగిలాయి. ఆ రెండూ మాంసం తినని వారివి. ఒక పెద్దమనిషి కొట్టేసిన వరస మీద వేలు పెట్టి ఇదేమిటని అడిగారట. యజమాని నన్ను పిలిపించారు. "మా అక్క తోట అని వేశాము. ఆ తోట ఎండిపోయింది. ఇది మార్కెట్టు పండు" అన్నాను. ఆయన మా యజమాని ముఖం చూశారు, తరువాత తొన తిన్నారు.  

అందరూ వెళ్లాక తీర్పు వచ్చింది. "ఏందయ్యా ఆనందబాబూ, అందరిముందూ నా కార్డు గీకి పెట్టినావు. నీ వంట నాకు కావాలి. నీ పెద్దరికం నేను మొయ్యలేను" అన్నారు. చెన్నై మనిషి పదో తేదీన చేరుతున్నాడు. కామాక్షమ్మ గారు పక్క నుంచి, "నా నోట్లో విషం పెట్టినోడు తానే వచ్చి చెప్పినాడురా. నువ్వు నీ పెళ్లాం పులుసు బాగుందని ఇరవై ఏళ్లుగా చెప్తా ఉండావు" అన్నారు. యజమాని నవ్వారు. తీర్పు మాత్రం మారలేదు. ఎల్లుండి నుంచి మూడు రోజులు సెలవు ఇచ్చారు.

ఇది నీ వల్ల జరిగిందని అనుకోకు. ఈ తెల్లవారుజామున నా జాబులన్నిటి నకళ్లూ ముందు పెట్టుకొని చదివాను. పచ్చమంటను వేళతో సహా రాశాను. నీలిపూత చూశాను. ఆకుల్లేని పండ్లు చూశాను. ఆకు ఎందుకు లేదో మాత్రం ఒక్కసారి కూడా ఆలోచించలేదు. మూడేళ్లుగా మీ చెట్లకు తెగులు వచ్చిందా పోయిందా అని నేను అడిగిన పాపాన పోలేదు. నిన్ను నాలుగు ప్రశ్నలు అడిగాను, నాలుగూ నా పళ్లెం గురించే. నీవు దాచావని రాశాను. చెప్పుకోవడానికి నేను చోటు ఎక్కడ ఇచ్చాను?

పరీక్ష అయిన రోజు బావను గూడూరు బస్సు ఎక్కించడానికి వెళ్లాను. కిటికీ పక్కన కూర్చొని, "మీరు వస్తారా?" అన్నాడు. ఆయన నన్ను మీరు అనడం నేను ఎప్పుడూ వినలేదు. విందు ఉందన్నాను. తల ఊపాడు.

ఈ జాబు ఉదయం పార్సిలులో పంపుతున్నాను. నేను ఎల్లుండి వస్తాను. పండ్లేమీ సర్దకు, నాకోసం ఏమీ వండకు. బావకు చెప్పు, నేను వచ్చేది తోట కోసం కాదు, ఆ ఖాళీ పొలం చూడటానికి. ఏ వరస ఎక్కడ ఉండేదో నాకు తెలియదు. ఆయన గట్టు మీద నిలబడి చెయ్యి చాపి చూపిస్తే తప్ప నాకు అర్థం కాదు.

ఉదయం అయిదు గంటల పది నిమిషాలు.

చేవూరు ఆనందబాబు